తట్టేక్కాడులో డబ్బు పెట్టవలసింది గైడుకే

విజయవాడ నుంచి పక్షుల కోసం కేరళ వెళ్లేవారు అక్కడి తట్టేక్కాడు పక్షుల అభయారణ్యంలో గది ఖర్చు తగ్గించుకొని అయినా సరే మంచి గైడును పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. రైలు ప్రయాణం సాఫీగా సాగింది. ఆలువాలో దిగి టాక్సీ ఎక్కాము. అభయారణ్యం గేటు పక్కనే అని ఫోనులో నమ్మబలికి, రోజుకు రూ.2,800 చొప్పున ముందే వేయించుకున్న బస, తీరా చూస్తే పదమూడు కిలోమీటర్ల ఇవతల కోతమంగళం బజారులో ఉంది. అడిగితే యజమాని మా వైపు చూడనైనా చూడకుండా, తెల్లవారుజామున జీపు కావాలంటే మరో రూ.900 అవుతుందన్నాడు, రసీదు ఇవ్వలేదు. గుంటూరు నుంచి వచ్చిన మా బావమరిది ఆ రాత్రంతా మండిపడుతూనే ఉన్నాడు. "ఈ డబ్బుతో కొండపల్లి అడవిలో నెల్లాళ్లు తిరగొచ్చు బావగారూ" అన్నాడు.

మరునాడు ఆ కోపాన్ని పోగొట్టినవాడు గైడే. సగం రోజుకు రూ.2,000 తీసుకున్న ఆ కుర్రవాడు మమ్మల్ని ఒక వెదురు పొద ముందు ఆపి, చేత్తో చూపించినా, మాకు ఎండుటాకులు తప్ప ఏమీ కనబడలేదు. చాలాసేపటికి, ఆ ఆకుల నడుమ ఒకదానికొకటి ఆనుకుని కూర్చున్న శ్రీలంక ఫ్రాగ్‌మౌత్ జంట కళ్లకు ఆనింది: మగది బూడిద రంగు, ఆడది ఇటుక రంగు. పశ్చిమ కనుమలలోను, శ్రీలంకలోను మాత్రమే ఉండే ఈ పక్షి జానెడు పైచిలుకు పొడవుంటుంది. రాత్రి పురుగులను వేటాడి, పగలు కొమ్మ మీద కదలకుండా ఉంటుంది. మా అలికిడికి మగది ముక్కును మెల్లగా పైకెత్తి విరిగిన కొమ్మలా బిగుసుకుపోయింది; దాని వెడల్పాటి ముక్కు చుట్టూ ఉన్న ముళ్లవంటి వెంట్రుకలు బైనాక్యులర్‌లో స్పష్టంగా కనిపించాయి. గైడు ఫ్లాష్ వేయనివ్వలేదు, అడుగు ముందుకు పడనివ్వలేదు. బెదరగొట్టకపోతే ఇవి నెలల తరబడి ఒకే చోటికి వస్తాయి గనుక ఆ పట్టుదల ఎంతో న్యాయమైనది. ఫోనులో పక్షికూత వినిపించి పిలుస్తానని చెప్పే గైడును మాత్రం పెట్టుకోకండి.

తరువాత మా గైడు ఇంట్లో రూ.80కే పుట్టు (ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి, కొబ్బరి వంటకం), శనగల కూర తిన్నాము. కొబ్బరినూనె వాసనే పడని మా బావమరిది రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

బస మాత్రం అడవిని ఆనుకొని ఉన్న హోమ్‌స్టేలలో, మ్యాపులో చోటు సరిచూసుకొని, డబ్బు అక్కడికి చేరాకే ఇచ్చేలా మాట్లాడుకోండి.