మెడికల్ ఆఫీస్ అడ్మినిస్ట్రేషన్ కోర్సు: కౌంటర్‌లో కూర్చున్నాక ఎంత పనికొచ్చింది?

నల్లగొండలో ఒక ప్రైవేటు సంస్థలో ఆరు నెలలు నేర్చుకున్న కోర్సు ఇది. ఆ తర్వాత ఆసుపత్రిలో ఓపీ కౌంటర్, బిల్లింగ్, ఇన్సూరెన్స్ డెస్కు, అన్నింట్లో దాన్ని వాడి చూసి చెప్తున్న మాటలివి. కోర్సు దండగ కాదు. కానీ వాళ్లు నెలలు పెట్టి చెప్పింది కౌంటర్‌లో ఎక్కువ అక్కరకు రాదు, గంటలో ముగించింది రోజూ కావాలి. ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) అకౌంటెంట్ పని, కౌంటర్‌లో దాన్ని ఎవరూ ముట్టరు. టైపింగ్, ఎక్సెల్ మాత్రం బాగా నేర్పారు.

అసలు పనంతా రిజిస్ట్రేషన్‌లోనే ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, రేషన్ కార్డులో అసలే ఉండదు, పాత ఓపీ చీటీ మీద పిలుపు పేరుంటుంది. ఉన్నది ఒక్కరే అయినా కంప్యూటర్‌కు ముగ్గురు మనుషులు. ఓపీ వరకు ఫరక్ పడదు. అడ్మిట్ అయి ఆరోగ్యశ్రీకో ఇన్సూరెన్స్‌కో పోయాకనే పేరు కలవక ఫైలు ఆగుతుంది. అందుకే నోటితో చెప్పింది విని కొట్టొద్దు. కార్డు చేతికి తీసుకొని అక్షరం అక్షరం చూసి కొట్టాలి, పాత రిజిస్ట్రేషన్ నంబరుందా అని ఫోన్ నంబరుతో, ఊరి పేరుతో వెతికాకే కొత్తది తెరవాలి.

14 అంకెల ఆభా నంబరు (ఆరోగ్య రికార్డుల గుర్తింపు సంఖ్య) ఆధార్‌తో తీస్తే ఓటీపీ ఆధార్‌కు లింకైన ఫోనుకే పోతుంది. దేవరకొండ వైపు నుంచి వచ్చిన పెద్దమ్మను అడిగితే "ఆ ఫోను నా కొడుకు దగ్గరుంది బిడ్డా, పట్నంల ఉంటడు" అంటుంది. ఓటీపీ గడువు కొన్ని నిమిషాలే. ముందు ఆ కొడుక్కు ఫోన్ కలిపి, లైన్‌లో ఉంచి, అప్పుడు బటన్ నొక్కాలి. ఇది ఏ నోట్సులోనూ లేదు.

2007లో ఆరోగ్యశ్రీ మొట్టమొదట మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో దాని కింద వైద్యం ఖర్చు పరిమితి 10 లక్షలు. అప్పట్లో మహబూబ్‌నగర్ పక్కనే ఉన్న మన జిల్లాలో నడిచే కోర్సులో ఆరోగ్యశ్రీకి ఒక్క పూట కూడా ఇవ్వకపోవడం విడ్డూరమే.

ఇన్సూరెన్స్ డెస్కు గురించి చెప్పిందంతా ఫారాలు నింపడమే. క్వెరీ, అంటే కంపెనీ అడిగే ప్రశ్న, ఎందుకొస్తుందో చెప్పలేదు. ప్రీ ఆథరైజేషన్ (కంపెనీ ముందస్తు అనుమతి) ఫారంలో షుగర్ 2 ఏళ్లుగా అని రాసి, కేస్ షీట్‌లో (పేషెంటు వైద్యం వివరాల కాగితాల్లో) డ్యూటీ డాక్టరు 5 ఏళ్లు అని రాస్తే చాలు, పాలసీకి ముందే ఉన్న జబ్బా అని కంపెనీ నిలదీస్తుంది. ఫారం పంపేముందు కేస్ షీట్ మొదటి పేజీ పక్కన పెట్టుకొని రెండూ సరిచూడాలి. ఎముకల ఆపరేషన్ అయితే ప్లేటు, స్క్రూల ప్యాకెట్ మీది స్టిక్కరు, దాని బిల్లు ఫైలులో ఉండాలి. ఆ స్టిక్కరు థియేటర్ చెత్తలో పోయిందంటే ఇక వెతుకులాటే. ఆపరేషన్ రోజే నర్సును అడిగి కేస్ షీట్‌కు అంటించుకోవాలి.

2024 మే నాటి ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ) సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ (బిల్లు నేరుగా కంపెనీయే కట్టే) అనుమతి గంటలో, డిశ్చార్జ్ అనుమతి 3 గంటల్లో రావాలి. కానీ ఆ లెక్క మన కాగితాలు కంపెనీకి చేరినప్పటి నుంచే. ఆలస్యం చాలాసార్లు మన దగ్గరే. వార్డులో మిగిలిన మందులు ఫార్మసీకి వాపస్ ఎక్కకుండా ఫైనల్ బిల్లు తీస్తే మళ్లీ సవరించాలి, మళ్లీ పంపాలి. డిశ్చార్జ్ అని డాక్టరు రాసిన వెంటనే మొదట వార్డుకు ఫోన్ చేసి మందుల వాపస్ అడగాలి, బిల్లు తర్వాత.

రికార్డు రూములో ఫైళ్లు పేర్ల వరుసలో పెట్టమని నేర్పారు. ఇక్కడ యాదమ్మలు, వెంకటయ్యలు ఎందరో. ఫైలు నంబరు చివరి రెండంకెలతో అరలు పెట్టడం మేలు: 04-52-17 అంటే ముందు 17వ అర, అందులో 52, అందులో 04. కొత్త ఫైళ్లన్నీ ఒకే అరలో కుప్పపడవు.

జబ్బుల కోడ్‌లు (రికార్డుల్లో ఒక్కో జబ్బుకు వాడే గుర్తులు) భయపడేంత కాదు. షుగర్ టైప్ 2కు E11, బీపీకి I10, ఇలా తరచూ వచ్చేవి ఒక కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకుంటే సరి.

ఐదుకు మూడు ఇస్తాను. చేరేముందు ఒక్కటి అడగండి: చివరి రెండు నెలలు నిజమైన కౌంటర్‌లో కూర్చోబెడతారా, లేదా? లేదంటే ఆ ఫీజు పెట్టొద్దు, చిన్న నర్సింగ్ హోంలో తక్కువ జీతానికైనా చేరడమే నయం.