"కుక్కకేటీ అవదు కదే?" పెంపుడు జంతువుల ప్రేమ నవలలతో నాలుగేళ్లు

మా బంటికి పార్వో అనే వైరస్ జబ్బు వచ్చేసరికి దానికి మూడు నెలలు. విజయనగరంలో అయ్యకోనేరు గట్టు మీద దొరికిన నాటు కుక్కపిల్ల. టీకా రెండో డోసు ఇంకా పడలేదు. ఆ వైరస్‌ని నేరుగా చంపే మందు లేదు, ఒంట్లో నీరు తగ్గకుండా సెలైన్ ఎక్కిస్తూ అది తట్టుకునేదాకా కాచుకోవడమే అన్నారు డాక్టరుగారు. ఐదు రాత్రులు దాని పక్కనే కూర్చున్నాను. నిద్ర రాక ఫోన్‌లో ఒక ఇంగ్లిష్ నవల తెరిచాను. అమెరికాలో ఓ చిన్న ఊరు, బేకరీ నడిపే అమ్మాయి, ఆ ఊరికి కొత్తగా వచ్చిన పశువైద్యుడు, ఇద్దరి మాటా వినని ఓ ముసలి కుక్క. చివరికి అందరూ బాగుంటారని మొదటి పేజీలోనే తెలిసిపోయింది. ఆ వారం నాకు కావలసింది అదే.

బంటి బతికింది, నాకు ఈ నవలల అలవాటు ఉండిపోయింది. నాలుగేళ్లలో అరవై పైనే చదివాను. ఒక పదింటిని మళ్లీ మళ్లీ చదివాను.

కాలేజీ రోజుల్లో అద్దె పుస్తకాల షాపులో మిల్స్ అండ్ బూన్లు తెచ్చుకునేదాన్ని. 1908లో లండన్‌లో మొదలైన ప్రచురణ సంస్థ అది, ప్రేమ నవలలకి పేరు. నాకు దొరికినవాటిలో హీరో ఎప్పుడూ కోటీశ్వరుడే. ఈ నవలల్లో హీరో ప్యాంటు నిండా కుక్క బొచ్చు ఉంటుంది, తెల్లవారుజామున మూడింటికి ఈనుతున్న ఆవు దగ్గరికి పరిగెడతాడు. ఒక మనిషి మంచివాడో కాదో నోరులేని జీవం దగ్గర ఎలా ఉంటాడో చూస్తే తెలుస్తుందని నాకు గట్టి నమ్మకం. అందుకే ఈ ప్రేమలు నాకు నిజమనిపిస్తాయి.

ప్రేమ నవల అనిపించుకోవాలంటే కథకి ప్రేమే ప్రాణం కావాలి, ముగింపు మనసు నింపాలి. జంతువు కూడా ఉంటే పాఠకులు ఇంకో మాట అడుగుతారు: అది చావకూడదు. నేను చదివినవాటిలో ఒక్కటే ఆ మాట తప్పింది. అట్ట మీద నవ్వుతున్న కుక్కబొమ్మ వేసి, లోపల కథానాయిక కళ్లు తెరవడం కోసం దాన్ని చంపేశారు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

ఊరి విషయానికొస్తే, పరాయి దేశమైనా నాకు కొత్తగా లేదు. అక్కడ గుమ్మడికాయల సంబరం, మనకి పైడితల్లి అమ్మవారి సిరిమాను. అక్కడ బేకరీలో పుట్టిన కబురు సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. ఇక్కడ గంటస్తంభం దగ్గర నేనెవరితోనైనా రెండు నిమిషాలు మాట్లాడితే ఇంటికొచ్చేలోగా అమ్మకి తెలుస్తుంది. బంటిని గట్టు మీద తిప్పుతుంటే నా పేరు తెలియనివాళ్లు కూడా "బంటీ" అని పిలుస్తారు. కుక్క వల్ల ముక్కూమొహం తెలియనివాళ్లు దగ్గరవడం రచయితల కల్పనేమీ కాదు.

లోపాలున్నాయి. పుస్తకం ముప్పావు వంతు దాటేసరికి ఇద్దరికీ తగువు రావాలి కాబట్టి వచ్చేస్తుంది. రెండు మాటలు మాట్లాడుకుంటే తీరిపోయేదానికి నలభై పేజీలు. అంతకంటే నన్ను బాధపెట్టేది, జంతువు గురించి తెలుసుకోకుండా రాయడం. ఒక నవలలో హీరోయిన్ ముద్దుగా కుక్కకి చాక్లెట్ కేకు తినిపిస్తుంది. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ కుక్కలకి విషం. ఇంకోదానిలో తెలుపు, నలుపు, నారింజ మూడు రంగుల మగ పిల్లి ఉంటే పశువైద్యుడైన హీరోకి వింతే అనిపించదు. నారింజ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి మూడు రంగుల పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. ఆ డాక్టరుకి ఈ సంగతి తెలియకపోతే అతని వైద్యాన్ని నేనెలా నమ్మను?

మంచి నవలలో జంతువుకి సొంత బుద్ధి ఉంటుంది. కుక్క బొచ్చు రాలుస్తుంది, చెప్పులు కొరుకుతుంది, వాంతి చేసుకుంటుంది, ఎవరో ఒకరు శుభ్రం చేస్తారు. మొదటి మూడు అధ్యాయాల్లో దానికి ఒక్కసారైనా ఎవరూ అన్నం పెట్టకపోతే నేను అక్కడితో మూసేస్తాను. అది పేజీల్లో అలంకారం కోసమే ఉందన్నమాట.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి: ఇవి ఎక్కువగా వరుస పుస్తకాలు. ఊరు ఒకటే, ఒక్కో పుస్తకంలో ఒక్కో జంట. మధ్యలోంచి చదివినా కథ అర్థమవుతుంది కానీ పాత జంటల పెళ్లి కబుర్లు ముందే తెలిసిపోతాయి. ఒక దుకాణం నాకు మొదటిదానికి బదులు మూడోది పంపితే అదే జరిగింది. పడకగది తలుపు దగ్గరే ఆగిపోయేవి కావాలంటే వివరణలో 'క్లోజ్డ్ డోర్' అని ఉందేమో చూడండి. ఇంగ్లిష్ తేలికే. ఇంటర్ చదివినవాళ్లు హాయిగా చదువుకోవచ్చు.

అమ్మకి ఇంగ్లిష్ రాదు. వంటింట్లో కూరలు తరుగుతూ నేను తెలుగులో చెబుతుంటే వింటుంది. పెళ్లి సంగతి తర్వాత, మొదట అడిగేది ఒకటే: "కుక్కకేటీ అవదు కదే?" వారపత్రికల సీరియళ్లతో పెరిగిన మనిషి, ఎక్కడ ఆపితే ఏం జరగబోతుందో నాకంటే ముందే పట్టేస్తుంది. మన ఊళ్లో, సిరిమాను జనంలో తప్పిపోయిన కుక్క కోసం వెతుకుతూ ఇద్దరు కలిసే నవల తెలుగులో ఎవరైనా రాస్తే మా ఇంట్లో ఇద్దరు పాఠకులు సిద్ధంగా ఉన్నారు.

నిన్న రాత్రి పన్నెండో అధ్యాయం దగ్గర ఆపాను. గాలివానకి గేటు తెరుచుకుని కుక్క వెళ్లిపోయింది. పొద్దున్న నేను లేచేసరికే అమ్మ కాఫీ గ్లాసుతో మంచం పక్కన కూర్చుంది. "ఏటే, అది దొరికిందా లేదా? సెప్పు."