నగోయా నుంచి కోయాసాన్ దాకా: ఒక్కరోజు లీడర్‌గా నా పాట్లు

ఎంబీఏ రెండో ఏడాదిలో మా బ్యాచ్‌ని ఎనిమిది రోజులు జపాన్ తీసుకెళ్లారు. కోర్సు పేరు లీడర్‌షిప్. పరీక్ష లేదు, రోజుకొకరు లీడర్. టికెట్లు, టైములు, ఇరవై రెండు తలకాయల లెక్క అన్నీ ఆ రోజు లీడర్‌వే. సార్ వెనకాల నడుస్తారు, నోరు మెదపరు. రాత్రి అందరం కూర్చుని ఆ లీడర్‌ని ఉతికి ఆరేస్తాం.

టోక్యో గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రెండు రోజులు, మూడు ఆఫీసులు, మూడు చోట్లా స్లైడ్లే. అవేవో మెయిల్లో పంపినా సరిపోయేది. పైగా ట్రిప్ ఏర్పాటు చేసిన సంస్థ రోజంతా దుబాసీ ఉంటారని డబ్బు కట్టించుకుని మధ్యాహ్నం రెండింటికే ఆవిణ్ణి పంపించేసింది. మీ కాలేజీ ఇలాంటి ట్రిప్ వేస్తుంటే దుబాసీ ఎన్ని గంటలుంటారో కాగితం మీద రాయించుకోండి.

టోక్యో నుంచి నొజోమి అనే బుల్లెట్ రైల్లో గంటా నలభై నిమిషాల్లో నగోయా. అసలు ట్రిప్ ఇక్కడ మొదలైంది. నగోయా స్టేషన్‌కి పక్క స్టేషనే సాకో. దిగి కాస్త నడిస్తే, పాత ఎర్ర ఇటుకల మిల్లు భవనంలో టొయోటా ఇండస్ట్రీ అండ్ టెక్నాలజీ మ్యూజియం ఉంది. సోమవారం సెలవు. కార్ల మ్యూజియం అనుకుని వెళ్లిన మాకు సగం భవనం నిండా మగ్గాలే కనిపించాయి. 1924 నాటి జి-టైప్ ఆటోమేటిక్ మగ్గాన్ని ఒకాయన ఆన్ చేశాడు. చెవులు చిల్లులు పడే చప్పుడు. నడుస్తుండగానే పడుగులో ఒక్క దారం తెంపాడు. ఆ దారానికి వేలాడుతున్న సన్నటి రేకు టక్కున కిందికి జారింది, మగ్గం ఆగిపోయింది. అంతే. దారం తెగితే మగ్గం తనంతట తనే ఆగిపోతుంది, పాడైన గుడ్డ ఒక్క అంగుళం కూడా నేయదు. టొయోటా సంస్థలకి మూలపురుషుడు సాకిచి టొయోడా చేసిన ఈ మగ్గం పేటెంట్ హక్కుల కోసం 1929లో ఇంగ్లండ్‌కి చెందిన ప్లాట్ బ్రదర్స్ లక్ష పౌండ్లకు ఒప్పందం చేసుకుంది.

మర్నాడు కార్ల ఫ్యాక్టరీ. ఫొటోలు తీయనివ్వరు, పైన వంతెన లాంటి దారి మీంచి చూడాలి. పనిలో తేడా కనిపించినప్పుడు కార్మికుడు పక్కనున్న తాడు లాగితే లైన్ వెంటనే ఆగుతుందని పుస్తకాల్లో చదివి నేను అదే అనుకున్నాను. అలా కాదు. తాడు లాగగానే పాట మోగుతుంది, ఇబ్బంది ఎక్కడుందో చూపే ఆండాన్ బోర్డు మీద నంబరు వెలుగుతుంది, టీమ్ లీడర్ పరిగెత్తుకొస్తాడు. కారు ఒక గీత దాటేలోపు పని సరిచేస్తే లైన్ ఆగదు, లేకపోతే ఆగుతుంది. మేం చూస్తుండగా ఒక కుర్రాడు రెండుసార్లు లాగాడు. వచ్చినాయన కనీసం మొహం కూడా చిట్లించలేదు.

నగోయాలో దిగిన బిజినెస్ హోటల్ శుభ్రంగా ఉంది, గది మాత్రం అగ్గిపెట్టె. సూట్‌కేస్ తెరవాలంటే మనం మంచమెక్కాలి. కింద కాయిన్ లాండ్రీ ఉండటం ప్రాణానికి హాయి. అక్కడి కౌంటర్‌లోనే పెట్టెల్ని తర్వాతి రోజుకి ఒసాకా హోటల్‌కి పంపించే సౌకర్యం ఉంది. తప్పకుండా వాడుకోండి. డబ్బు మిగుల్చుకుందామని పంపని నలుగురు కొండ పైదాకా ఈడ్చుకుంటూ వచ్చారు.

నగోయా నుంచి కోయాసాన్ అనే కొండ మీది బౌద్ధ గుళ్ల ఊరికి వెళ్లే రోజు లీడర్‌ని నేను. పొద్దున్నే ఒకడు ప్లాట్‌ఫామ్ నంబరు గురించి అనుమానం అడిగితే, "నేను చూసుకుంటాలే, నువ్వు నడువు" అని కసిరాను. షిన్-ఒసాకా దాకా బాగానే సాగింది. ఒసాకాలోనే ఉన్న నంబా స్టేషన్‌లో నన్‌కాయ్ అనే కంపెనీ రైలెక్కించాను. నకమోజు దగ్గర లైన్ రెండుగా చీలుతుంది. మా రైలు కొండ వైపు వెళ్లలేదు, ఇజుమి-చుఓ వైపు తిరిగింది. చివరి స్టేషన్‌లో దిగాక తెలిసింది.

"నంబాలోనే చూశాన్రా, బోర్డు మీద ఇజుమి-చుఓ అని ఉంది" అన్నాడు పొద్దున నేను కసిరినవాడు.

"మరి చెప్పవేంరా?"

"చెప్తే మళ్లీ ఎగురుతావు కదా!"

సార్ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆయనకీ తెలుసని నా అనుమానం.

వెనక్కి వచ్చి, హషిమోతోలో మారి, గొకురాకుబషిలో కేబుల్ కార్ ఎక్కేసరికి చీకటి పడింది. గుడి బసల్లో రాత్రి భోజనం ఐదున్నరకి. మేం ఏడింటికి చేరాం. ఎర్ర లక్క పళ్లేల్లో ఒక్కొక్కరికీ విడివిడిగా వడ్డించి ఉంది. అంతా శాకాహారమే, చల్లారిపోయింది. మా కోసం గంటన్నర కాచుకున్న కుర్ర సన్యాసి సూప్ మాత్రం మళ్లీ వేడిచేసి తెచ్చాడు, ఆలస్యం గురించి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

బస సంగతికొస్తే, కోయాసాన్‌లో యాభై దాకా గుళ్లు యాత్రికులకి గదులిస్తాయి. జరిపే తలుపులు, తాళాల్లేవు, పక్కగది గురక మన గదిలోనే. స్నానం అందరికీ కలిపే, మొహమాటం ఉన్నవాళ్లు ముందే మనసు సిద్ధం చేసుకోవాలి. కొండ మీద చలి ఎక్కువ. అయినా ఎనిమిది రోజుల్లో నేను మళ్లీ వెళ్లాలనుకునే బస ఇదొక్కటే.

మర్నాడు పొద్దున ఆరింటి పూజ అయ్యాక ఒకునోయిన్ శ్మశానానికి నడిచాం. దేవదారు చెట్ల కింద రెండు లక్షలకు పైగా సమాధులు. కొత్త భాగంలో కంపెనీల స్మారకాలున్నాయి. ఒకటి రాకెట్ ఆకారంలో, ఇంకొకటి కాఫీ కప్పు ఆకారంలో. చెదపురుగుల మందు కొట్టేవాళ్ల సంఘం తాము చంపిన చెదపురుగుల ఆత్మశాంతికి కూడా రాయి పెట్టించింది. మేం నవ్వబోయి ఆగిపోయాం.

తిరుగు ప్రయాణంలో, నేను కసిరినవాడు ప్రతి స్టేషన్‌లో కనిపించిన బోర్డునల్లా నా చెవి దగ్గర గట్టిగా చదివాడు, టాయిలెట్ బోర్డుతో సహా.