బ్యాక్టీరియల్ వజైనోసిస్ తిరగబెడుతుంటే భార్యకు మాత్రమే చికిత్సా, దంపతులిద్దరికీనా: ఏది మేలు?

తెల్లబట్టతో, దుర్వాసనతో ఆసుపత్రికి వెళ్లిన స్త్రీకి ఏడు రోజుల మాత్రలు రాసివ్వడం, బాధ తగ్గడం, రెండు మూడు నెలలకు అదే మళ్లీ మొదలవడం చాలా ఇళ్లలో జరుగుతున్నదే. తిరగబెట్టిన ప్రతిసారీ శుభ్రత లేదనో, ఒంటికి వేడి చేసిందనో నెపం ఆమె మీదికే వస్తుంది. ఆమెతోపాటు భర్తకు కూడా మందు ఇవ్వాలా అన్న ప్రశ్న దశాబ్దాలుగా నలిగి, 2025లో కొంత తేలింది.

ముందుగా జబ్బు ఏదో నిర్ధారించుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మేలు చేసే బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తూ ఇతర సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతుంది. అవి తగ్గిపోయి గార్డ్‌నెరెల్లా వంటివి పెరిగినప్పుడు పీహెచ్ (ఆమ్లత్వాన్ని తెలిపే కొలత) 4.5 దాటుతుంది, అంటే ఆమ్లత్వం తగ్గుతుంది, పలుచని బూడిద తెలుపు స్రావం, చేపల వాసన మొదలవుతాయి. ఇదే బ్యాక్టీరియల్ వజైనోసిస్. పెరుగు తరకల్లాంటి స్రావంతో విపరీతమైన దురద ఉంటే అది ఎక్కువగా ఫంగస్ వల్ల వచ్చేది, దాని మందు వేరు. లైంగికంగా సోకే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి వల్ల వచ్చినదైతే భర్తకు లక్షణాలు ఉన్నా లేకపోయినా ఇద్దరికీ చికిత్స తప్పనిసరి, అందులో చర్చ లేదు. కాబట్టి పరీక్ష చేయించకుండా పాత చీటీ చూపి మందుల దుకాణంలో మళ్లీ అవే మాత్రలు కొనడం సరికాదు.

భార్యకు మాత్రమే మందు ఇవ్వడం ఇంతకాలం అన్నిచోట్లా నడిచిన పద్ధతి. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మాత్రలు ఏడు రోజులు వాడటం, లేదా యోనిలో మెట్రోనిడజోల్ జెల్ గానీ క్లిండమైసిన్ క్రీము గానీ పెట్టుకోవడం. చికిత్స పూర్తయ్యేసరికి చాలామందికి లక్షణాలు పోతాయి. తొలిసారి వచ్చినవారికి, ప్రస్తుతం భాగస్వామి లేనివారికి ఇది సరిపోవచ్చు. కానీ సగానికి పైగా స్త్రీలలో ఏడాదిలోపే జబ్బు తిరిగి వస్తుంది. యోని గోడలకు పొరలా అంటుకుని ఉండే సూక్ష్మజీవులు పూర్తిగా నశించకపోవడం, మేలు చేసేవి మళ్లీ నిలదొక్కుకోకపోవడం ఇందుకు కారణాలు. మూడో కారణం భర్త శరీరం నుంచి అవే సూక్ష్మజీవులు తిరిగి రావడం.

ఈ మూడోది కొత్తగా పుట్టిన అనుమానం కాదు. 1955లో హ్యూస్టన్‌లో గార్డ్‌నర్, డ్యూక్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ జబ్బుకూ గార్డ్‌నెరెల్లా బ్యాక్టీరియాకూ సంబంధం చూపినప్పుడే, బాధిత స్త్రీల భర్తలలో చాలామంది మూత్రనాళంలో అది ఉందని గుర్తించారు. స్త్రీ, స్త్రీ భాగస్వాములైన జంటల్లో ఒకరికి ఉంటే రెండోవారికీ ఉండటం ఎక్కువని తర్వాతి అధ్యయనాలు చూపాయి. కండోమ్ క్రమంగా వాడేవారిలో జబ్బు తక్కువ. ఇన్ని ఆధారాలున్నా భర్తలకు మాత్రలు ఇచ్చి చేసిన పరీక్షలు ఫలించలేదు. అందుకే మార్గదర్శకాలన్నీ భర్తకు చికిత్స అక్కర్లేదనే చెప్పాయి.

లోపం చికిత్స జరిగిన తీరులో ఉండి ఉంటుందని మెల్‌బోర్న్ పరిశోధకులు భావించారు. పురుషుడిలో ఈ సూక్ష్మజీవులు మూత్రనాళంలోనే కాక పురుషాంగం చర్మం మీద, ముఖ్యంగా ముందరి చర్మం కింద కూడా నివసిస్తాయి. అక్కడ మాత్ర ఒక్కటే చాలదు. అందువల్ల పరస్పరం ఒక్కరితోనే సంబంధమున్న 164 జంటలను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గంలోని పురుషులకు 400 మిల్లీగ్రాముల మెట్రోనిడజోల్ మాత్రతోపాటు పురుషాంగం మీద రాసుకునే 2 శాతం క్లిండమైసిన్ క్రీమును రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు వాడించారు. స్త్రీలందరికీ మామూలు చికిత్సే జరిగింది. పన్నెండు వారాల్లోపు జబ్బు తిరగబెట్టినది స్త్రీకి మాత్రమే మందిచ్చిన వర్గంలో 63 శాతం, ఇద్దరికీ ఇచ్చిన వర్గంలో 35 శాతం. తేడా అంత స్పష్టంగా ఉండటంతో పరీక్షను ముందుగానే ఆపేశారు. ఫలితాలు 2025 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. అదే ఏడాది అమెరికా ప్రసూతి, స్త్రీవ్యాధి నిపుణుల సంఘం జబ్బు తిరగబెట్టే స్త్రీల పురుష భాగస్వాములకు కూడా చికిత్స ఇవ్వడాన్ని సమర్థించింది.

ఇద్దరికీ చికిత్స చేసినా ముగ్గురిలో ఒకరికి పైగా తిరగబెట్టిందన్నది కూడా మరువకూడదు. పరీక్ష పన్నెండు వారాలకే పరిమితం. అనవసరంగా యాంటీబయాటిక్ వాడితే వికారం, నోట్లో లోహపు రుచి వంటి ఇబ్బందులే కాక మందులకు లొంగని సూక్ష్మజీవుల సమస్య కూడా ఉంటుంది. అందుకే మొదటిసారి జబ్బు వచ్చిన ప్రతి స్త్రీ భర్తకూ మందు రాయాలని నేను అనను. కానీ మళ్లీ మళ్లీ వస్తూ, స్థిరమైన పురుష భాగస్వామి ఉన్నప్పుడు, ఇద్దరికీ ఒకేసారి చికిత్స చేస్తూ, భర్తకు మాత్రలతోపాటు క్రీము కూడా వాడటమే మేలని నా నిశ్చితాభిప్రాయం. భర్తకు మాత్రలు మాత్రమే ఇస్తే అది పాత విఫల ప్రయోగాన్ని మళ్లీ చేయడమే అవుతుంది. మందు వద్దనుకునే దంపతులకు కండోమ్ కొంత రక్షణ ఇస్తుంది. గర్భిణులు మాత్రం వైద్యుల సలహా లేకుండా ఏదీ మొదలుపెట్టకూడదు, ఎందుకంటే ఈ జబ్బుకూ నెలలు నిండని కాన్పులకూ సంబంధం ఉంది.

ఆచరణలో పెద్ద అడ్డంకి మందు ధర కాదు, "నాకేం లేదుగా" అనే భర్త మాట. నిజంగానే అతనికి లక్షణాలేవీ ఉండవు, అతనిలో దీన్ని గుర్తించే పరీక్ష సాధారణంగా అందుబాటులోనూ ఉండదు. జబ్బు భార్యాభర్తల మధ్య చేతులు మారుతుందంటే ఎవరో ఒకరు తప్పు చేశారని అర్థం కాదు. మెల్‌బోర్న్ పరిశోధకుల అధ్యయనంలోని జంటలన్నీ ఒకరికొకరు కట్టుబడినవే. ఈ మాటను వైద్యులే భర్తను పిలిచి, భార్య సమక్షంలోనే చెప్పాలి. ఆమె ఒంటరిగా ఇంటికి వెళ్లి నచ్చజెప్పుకోవాల్సిన పరిస్థితి రాకూడదు. ఒప్పుకున్నాక ఇద్దరూ ఒకే రోజు మొదలుపెట్టి ఏడు రోజులూ మోతాదు తప్పకుండా వాడాలి, ఆ వారమంతా కలయికకు దూరంగా ఉండాలి. యోనిలో వాడే క్లిండమైసిన్ క్రీములోని నూనె లేటెక్స్ కండోమ్‌ను బలహీనపరుస్తుంది కనుక, వాడకం ముగిసిన తర్వాత మరో ఐదు రోజుల వరకు దాని మీద ఆధారపడకూడదు.