రెండున్నరేళ్లు ఈ రీఫ్ సాల్ట్ వాడాక: ఒకేసారి ఎన్ని నీళ్లు మార్చాలంటే

చేపలు, కోరల్స్ (పగడాలు) పెంచే మా 75 గ్యాలన్ల ఉప్పునీటి ట్యాంక్‌లో మొదట్నుంచీ ఒకటే రీఫ్ సాల్ట్ (మంచినీళ్లలో కలిపి సముద్రపు నీళ్లలా చేసుకునే ఉప్పు) వాడుతున్నాను. చక్కగా కరుగుతుంది, బకెట్ అడుగున మడ్డి మిగలదు. ఇక్కడ ఫ్రిస్కోలో తెలిసినవాళ్లు ఎవరడిగినా ఇదే కొనమన్నాను. ఇప్పుడడిగినా అదే చెబుతాను, కాకపోతే ముందు ఒక ప్రశ్న వేస్తాను: మీ ట్యాంక్‌లో ఆల్కలినిటీ (నీటి క్షారత, కోరల్స్ తమ గట్టి భాగం కట్టుకోవడానికి వాడుకునేది) ఎంత? ఎందుకంటే ఈ ఉప్పు 35 పీపీటీకి, అంటే సముద్రమంత ఉప్పదనానికి కలిపితే నా కిట్‌లో ఆల్కలినిటీ 12 డీకేహెచ్ (దాని కొలత) చూపిస్తుంది, నా ట్యాంకేమో 7.5 దగ్గరుంటుంది. వారానికి రెండు బకెట్లు, అంటే 10 గ్యాలన్లు మార్చినన్నాళ్లూ ఈ తేడా నాకు పట్టనే లేదు.

మొన్న డిసెంబర్‌లో మూడు వారాలు ఇండియా వెళ్లాం. చేపల మేత పక్కింటివాళ్లకి అప్పజెప్పాం, పాపం వాళ్లు ప్రేమగా కాస్త ఎక్కువే వేశారు. వచ్చి చూస్తే నైట్రేట్ (మేత, చేపల వ్యర్థాల వల్ల నీళ్లలో పేరుకునేది) 50. నాకు ఒకటే టెన్షన్. జెట్‌లాగ్‌తో ఎలాగూ నిద్ర పట్టక రాత్రంతా గరాజ్‌లో ఉప్పునీళ్లు కలిపి, మర్నాడు సాయంత్రం ఆరు బకెట్లు, అంటే 40 శాతం ఒక్కసారే మార్చేశాను. నైట్రేట్ 30కి దిగింది, హాయిగా పడుకున్నాను. పొద్దున్నే మా పాప వచ్చి "నాన్నా, హ్యామర్ ముడుచుకుపోయింది" అంది. హ్యామర్ అంటే మా ట్యాంక్‌లోని ఒక కోరల్. ఎప్పుడూ వేళ్లలా ఊగే దాని కొసలన్నీ లోపలికి లాక్కుని, అంచుల్లో తెల్లటి గట్టి భాగం బయటపడి ఉంది. ఉప్పదనం, వేడి రెండూ సరిచూసే పోశాను కదా అనుకుంటూ ఆల్కలినిటీ చూస్తే 9.3! ఒక్క రాత్రిలో దాదాపు 2 పెరిగింది.

అదే రెండు బకెట్లయితే పెరిగేది 0.6, వారంలో కోరల్సే దాన్ని వాడేసుకుంటాయి. నైట్రేట్ దిగాలంటే ఎక్కువ మార్చాలి, ఆల్కలినిటీ ఎగరకూడదంటే తక్కువ మార్చాలి. ఈ ఉప్పుతో నేనైతే రెండోదాని మాటే వింటాను. మిగిలిన నైట్రేట్‌ని వారానికి రెండేసి బకెట్లతో, మేత తగ్గించి, నెల పైన పట్టినా మెల్లగానే దించాను. హ్యామర్‌లో ఒక తల (ఒక్కో కొమ్మ చివరుండే జీవి) పోయింది, మూడు తేరుకున్నాయి.

నా ట్యాంక్‌లో కోరల్స్ తక్కువ కాబట్టి నాకిలా. ఎస్పీఎస్ (చిన్న పాలిప్‌లుండే గట్టి కోరల్స్) నిండా ఉండి, ఆల్కలినిటీ 9, 10లో నడిపేవాళ్లకి ఇదే ఉప్పు బాగా కలిసొస్తుంది. నా దగ్గర ఇంకా సగం డబ్బా ఉంది, అది అయ్యాక ఆల్కలినిటీ తక్కువుండే రకం ఒకటి చూడాలనుకుంటున్నాను.