నానో సరుకులకు ఏ అదుపు మేలు: మాట మీద వదిలేయడమా, లేబులా, రిజిస్టరా?

నానో అంటే కంటికి కనపడనంత సన్నని కణం. యూరియాను అలాంటి కణాలుగా చేసి ద్రవంగా అమ్మే నానో యూరియా సీసా ఊళ్లలోకి వచ్చిన దగ్గర్నుంచి తెలిసినవాళ్లు ఒకటే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతున్నారు: ఇలాంటి కొత్త సరుకుల మీద యూరప్ వాళ్లలా నిబంధన పెడితే సరిపోదా అని. యూరప్‌లో అందరూ ఒకే దారిలో పోలేదు. అందుకే ఏది మేలో చూడాల్సి వస్తోంది.

బ్రిటన్ 2006లో కంపెనీలను మర్యాదగా అడిగింది: మీరు ఏ నానో పదార్థం చేస్తున్నారో మీ అంతట మీరే చెప్పండి అని. రెండేళ్లు ఎదురుచూస్తే పట్టుమని ఇరవై నమోదులు కూడా రాలేదు. 2008లో అమెరికా పర్యావరణ సంస్థ కూడా అలాగే అడిగితే, లోతైన పరీక్షలకు ముందుకొచ్చినవి నాలుగే కంపెనీలు. చెప్పినవాడి రహస్యం పోటీవాడికి చేరుతుంది, చెప్పనివాడికి ఏ నష్టమూ లేదు. మరి ఎవరు చెబుతారు?

లేబుల్ దారి కాస్త నయం. 2013 జులై నుంచి యూరప్‌లో అమ్మే సన్‌స్క్రీన్, క్రీముల మీద ఆ పదార్థం పేరు పక్కన బ్రాకెట్లో 'నానో' అని రాయాలి. రాయకుండా అమ్ముతున్నవి ఫ్రాన్స్ అధికారుల తనిఖీల్లో దొరికాయి కూడా. నాకు అంతకన్నా పెద్ద అనుమానం ఇంకొకటి ఉంది. ఆ మాట చదివి కొనేవాళ్లు ఏం చేయాలి? ఒకరు భయపడి పక్కన పెడతారు, ఇంకొకరు నానో కదా, గొప్పదేమోనని రెండు కొంటారు. మన దగ్గరైతే రెండోవాళ్లే ఎక్కువ.

నేను మొగ్గేది ఫ్రాన్స్ రిజిస్టర్ వైపు. 2013 నుంచి అక్కడ ఏడాదికి 100 గ్రాములు దాటిన నానో పదార్థం తయారుచేసినా, దిగుమతి చేసుకున్నా, పంపిణీ చేసినా ప్రభుత్వానికి లెక్క చెప్పి తీరాలి. ఏ వ్యాపారికి అమ్మారో కూడా రాయాలి. ఇది ఎందుకు ముఖ్యమో 2006లో జర్మనీలో జరిగింది చూస్తే తెలుస్తుంది. 'మ్యాజిక్ నానో' అనే శుభ్రపరిచే స్ప్రే వాడిన దాదాపు వంద మందికి ఊపిరి ఆడక ఇబ్బంది అయింది. సరుకును వెంటనే వెనక్కి తీసుకున్నారు, నానో కణాలే కారణమని గగ్గోలు పుట్టింది. అందులో అసలు నానో కణాలే లేవని అధికారులు తేల్చేసరికి వారాలు పట్టింది! డబ్బాలో ఏముందో ముందే ఒకచోట రాసి ఉంటే మొదటి రోజే తెలిసేది. రిజిస్టర్ తప్పు చేసినవాణ్ణి పట్టిస్తుంది, చేయనివాణ్ణి కాపాడుతుంది కూడా. ఫ్రాన్స్ రిజిస్టర్‌కూ లోపాలున్నాయి. చాలా నమోదుల్లో వివరాలు అరకొరగా ఉన్నాయని దాన్ని నడిపే సంస్థే 2020లో ఒప్పుకుంది.

మొత్తంగా ఆపేయమనే వాళ్లూ ఉన్నారు. ఇన్ని సరుకుల్లోకి వచ్చేశాక అది జరిగే పని కాదు.

ఇక మన సీసా. వ్యవసాయం, ఆహారంలో నానో సరుకుల పరీక్షకు కేంద్రం 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. మరుసటి ఏడాది నానో యూరియా ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద బజారుకొచ్చింది. అర లీటరు సీసా ఒక యూరియా బస్తాకు సాటి అని దాన్ని చేసినవాళ్లు అన్నారు. 45 కిలోల బస్తాలో నత్రజని దాదాపు 20 కిలోలు, 4 శాతం నత్రజనితో వచ్చిన అప్పటి సీసాలో 20 గ్రాములు. కణం చిన్నది కాబట్టి ఆకు నేరుగా పీల్చుకుంటుందన్నది వాళ్ల వాదన. మామూలు నత్రజని సగం తగ్గించి ఇది పిచికారీ చేసిన పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పరీక్షల్లో మాత్రం వరి, గోధుమ దిగుబడి తగ్గింది.

వాదనంతా కణం సైజు మీదే ఉన్నప్పుడు, దిగుబడి పడిపోయిన రైతు మొదట అడగాల్సిందీ అదే: నా సీసాలో కణం సైజు ఎంత? ఎరువుల షాపులో వేలిముద్ర వేసి బస్తా కొనే మిషన్ మనకు కొత్త కాదు. దాన్ని ప్రయోగాత్మకంగా పెట్టిన తొలి జిల్లాల్లో కృష్ణా, పశ్చిమ గోదావరి ఉన్నాయి. సబ్సిడీ లెక్క కోసం పెట్టిన ఆ మిషన్‌లోనే సీసా బ్యాచ్ నంబరు ఎక్కించి, ఆ బ్యాచ్ పరీక్ష ఫలితాన్ని కంపెనీ చేత జత చేయిస్తే, నేను చెప్పే రిజిస్టర్‌లో సగం తయారైనట్టే.