ఒకే మనుషుల్ని మళ్లీ మళ్లీ అడిగే సర్వేకి ఏది మేలు: గూగుల్ ఫామ్సా, లైమ్‌సర్వేనా, కోబోనా?

పీహెచ్‌డీకి సర్వే అనగానే అందరం గూగుల్ ఫామ్సే తెరుస్తాం, ఒక్కసారి అడిగి వదిలేసేదైతే అదే చాలు, పైసా ఖర్చులేదు, జవాబులు నేరుగా షీట్‌లో పడతాయి. కానీ వాళ్లనే ఆర్నెల్లకోసారి అడగాలంటే వేరే కథ. నేను మొదటి రౌండ్ ఓ ఫ్రీ ఫామ్‌లో కానిచ్చేసి ఫోన్ నంబరే ఐడీ అనుకున్నా, రెండో రౌండ్‌కొచ్చేసరికి కొందరు సిమ్ మార్చేశారు, కొందరు నాన్న నంబర్ ఇచ్చారు, అప్పుడు "కె. సాయికుమార్" అని రాసినవాడు ఇప్పుడు ఉత్త "సాయి" అని కొట్టాడు, ఆ క్లాసులో సాయిలు నలుగురు! వారం పాటు ఎక్సెల్ ముందు కూర్చుని జతలు కలిపా. తప్పు నాదేలెండి.

అప్పట్నుంచి ఏ టూల్ చూసినా ఒకటే ప్రశ్న, మొదటి రౌండ్ మనిషిని మూడో రౌండ్‌లో ఇది గుర్తుపడుతుందా?

గూగుల్ ఫామ్స్‌లో ఒక్కొక్కరి కోడ్ ముందే నింపి లింక్ పంపొచ్చు, కాకపోతే ఆ గడి వాళ్లకి కనబడుతుంది, చెరిపేయొచ్చు కూడా, వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిందంటే ఒకే కోడ్ మీద ముగ్గురు. యాభై మందికి పర్లేదు, ఐదొందల మందికి వద్దు.

లైమ్‌సర్వే ఓపెన్ సోర్స్, సొంత సర్వర్‌లో పెట్టుకుంటే సాఫ్ట్‌వేర్ ఫ్రీ, హోస్టింగ్ ఖర్చే. ఒక్కొక్కరికి ఒక టోకెన్ (వాళ్లకి మాత్రమే ఇచ్చే కోడ్), జవాబివ్వని వాళ్లకే రిమైండర్. ఒక్క మెలిక ఉంది, అనానిమస్ (ఎవరు జవాబిచ్చారో దాచే) సెట్టింగ్ ఆన్‌లో పెట్టి సర్వే యాక్టివేట్ చేశారంటే ఏ జవాబు ఎవరిదో ఇక తెలీదు, తర్వాత మార్చలేం, రౌండ్ మొత్తం గోవిందా.

ఇంటింటికీ తిరిగే పనైతే మాత్రం కోబోనే, అంటే కోబోటూల్‌బాక్స్ అనే సర్వే టూల్. నెట్ లేని ఊళ్లో కూడా ఫోన్‌లో నింపుకుని సిగ్నల్ దొరికాక పంపొచ్చు, పాత రౌండ్ డేటాని సీఎస్‌వీగా (ఎక్సెల్‌లో తెరుచుకునే సాదా ఫైల్‌గా) లోపల పెడితే కోడ్ కొట్టగానే "పోయినసారి ఇంట్లో ఆరుగురన్నారు, ఇప్పుడూ అంతేనా అమ్మా?" అని అడిగేలా ఫామ్ రాసుకోవచ్చు.

పరిశోధన డేటా సేకరించే రెడ్‌క్యాప్ అనే సాఫ్ట్‌వేర్ సంగతి కూడా చెప్పాలి, వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో 2004లో పుట్టింది, రౌండ్లు పెట్టుకునే ఏర్పాటు అందులోనే ఉంది, కానీ మనంతట మనం తీసుకోలేం, సంస్థ ఒప్పందం చేసుకోవాలి. మీ యూనివర్సిటీకి ఉందేమో ముందు కనుక్కోండి, ఉంటే పైవన్నీ మర్చిపోండి.

ఇంకోటి, టూల్ మధ్యలో మారొచ్చు. అవే పిల్లల్ని ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చే యంగ్ లైవ్స్ అనే అధ్యయనం వాళ్లు 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లలతో మొదలుపెట్టి రౌండ్ల వారీగా ఇళ్లకెళ్లి అడుగుతూ వచ్చారు, 2020లో కోవిడొచ్చి ఫోన్‌లో అడగాల్సొచ్చింది. అందుకే నా దగ్గర కోడ్, పేరు, రెండు నంబర్లు, ఒక చుట్టం నంబర్ ఉన్న షీట్ విడిగా, పాస్‌వర్డ్‌తో ఉంటుంది, జవాబుల ఫైల్‌లో కోడ్ తప్ప పేరుండదు. ప్రస్తుతం కాలేజీ పిల్లలకి లైమ్‌సర్వే, వాళ్ల ఇళ్లకెళ్లినప్పుడు కోబో, రెండింట్లోనూ అదే కోడ్.